ఖాళీ పాల క్యాను

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. ఈ కథ రాస్తున్న నేను పొద్దుట్నుంచి కుర్చీలోంచి లేవలేదు. నా చేతికున్న వాచీ గంటకోసారి వణికి, లేచి కాస్త నడవమంటుంది. దాని నోరు మూయించే సెట్టింగు ఎక్కడుందో కనుక్కోవడానికి నా ఇంజనీరింగు చదువు బాగా పనికొచ్చింది. కాబట్టి నడక గురించి మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. చెప్పబోయేది జయశీల సంగతి. ఆమెకి వాచీ లేదు. ఒక పాల క్యాను ఉండేది.

జయశీల జాకెట్లు కుడుతుంది. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఉంది వాళ్ల ఊరు. ఆ శనివారం మధ్యాహ్నం, మర్నాడు చర్చికి కట్టుకోవాల్సిన చీర మంచం మీద పరిచి, దాని జాకెట్టు తిరగేసి ఒళ్లో పెట్టుకుంది. బుద్ధున్న టైలరు ఎవరైనా జాకెట్టు పక్కల్లో రెండు మూడు వరసలు కుట్టి, లోపల వేలెడు గుడ్డ వదిలిపెడుతుంది. మనిషి ఒళ్లు చేసినప్పుడల్లా ఒక వరస విప్పుకుంటే చాలు, జాకెట్టు మళ్లీ పడుతుంది. జయశీల బ్లేడుతో దారం తెంపబోయి వేలు పెట్టి తడిమింది. వేలికి గుడ్డ తగల్లేదు, అంచు తగిలింది. వదిలిన గుడ్డంతా ఎప్పుడో అయిపోయింది. ఇంక విప్పడానికేం లేదు.

ఇంకొకరి జాకెట్టు అయితే నవ్వేదే. తలెత్తి చూస్తే ఎదురింటి అరుగు మీద వెంకటశేషమ్మ కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆ కాలికి బొటనవేలు లేదు. షుగరు తినేసింది. మిగతా వేళ్ల మీద ఈగలు వాలకుండా ముసలామె విసనకర్ర ఊపుకుంటూ ఉంది. జయశీల జాకెట్టు మడిచి పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు పైకి లాగి తన కాలివేళ్లు చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఒక్కోదాన్నీ నొక్కి చూసింది.

అంతకు రెండు రోజుల ముందే ఆరోగ్య కేంద్రంలో నర్సు ఆమె వేలు గుచ్చి, మిషనులో చూసి, పెదవి విరిచింది.

"గీత మీద నిలబడుండావక్కా. ఇంకొంచెం ఇటు ఒరిగితే షుగరే. బరువు కూడా జాస్తిగా ఉండాది. రోజూ నడువు."

"నడవకుండా ఏం జేస్తుండాను తల్లీ? తెల్లారిందగ్గర్నుంచి పనే గదా."

"ఏం పని?"

"మిషను."

"తొక్కుతావా?"

జయశీల తొక్కడం మానేసి చాలా రోజులైంది. మోకాళ్లు నొప్పులంటుందని మొగుడు జ్ఞానప్రకాశం ప్రేమగా నెల్లూరు నుంచి మోటారు తెచ్చి బిగించాడు. ఇప్పుడు కాలి బొటనవేలితో అలా నొక్కితే చాలు. సూది పరిగెడుతుంది. మనిషి కూర్చునే ఉంటుంది.

"పని వేరు, నడక వేరక్కా," అంది నర్సు. "ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే నడవాల. చేతులూపుకుంటా, ఒళ్లు చెమట పట్టేదాకా."

షుగరు అన్న మాట కన్నా ఆ 'ఊరికే' అన్న మాట ఎక్కువ భయపెట్టింది ఆమెని. ఆ ఊళ్లో ఆడమనిషి ఊరికే నడవదు. రేషనుకి నడుస్తుంది. గడ్డికి నడుస్తుంది. ప్రార్థనకి నడుస్తుంది. దారిలో కనపడ్డ ప్రతి మనిషీ "యాడికి?" అంటారు. దానికి జవాబు చెప్పాలి. చెప్పకపోతే జవాబు వాళ్లే తయారుచేసుకుంటారు. మగవాళ్ల సంగతి వేరు. రొయ్యల గుంటల పెంచలప్రసాద్ సాయంత్రమైతే తెల్ల బూట్లు తొడుక్కుని, ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని, బీచి రోడ్డు మీద చేతులూపుకుంటూ పోతాడు. చీకటి పడ్డాక బడి గ్రౌండులో లైట్లేసుకుని షటిలు ఆడతారు. వాళ్లని యాడికని ఎవరడుగుతారు? ఒకసారి పొదుపు సంఘంలో ఆడవాళ్లు నలుగురు కలిసి ఆ గ్రౌండులో నడుద్దామని పోతే, "తగలతాదమ్మా, అంచుకి రండి, ఇంకా అంచుకి" అని మర్యాదగా చెప్పి చెప్పి గేటు బయటికి పంపించారు.

అందుకే జయశీల సోమవారం తెల్లవారకముందే లేచి, అటక మీంచి మూతున్న పాత పాల క్యాను దించి, కడిగి, చేత పట్టుకుంది.

"యాడికి మే?" ఎదురరుగు మీంచి గొంతు. వెంకటశేషమ్మ ఎప్పుడు నిద్రపోతుందో ఊళ్లో ఎవరికీ తెలీదు.

"పాలకత్తా."

"పాకెట్టు పాలు ఏమైనాయి?"

"గేదె పాలు మంచివంట గదా. కామమ్మ కాడికి పోతుండా."

"కామమ్మ కాడికా?" ముసలామె క్యాను వైపు చూసింది. "అబ్బో. గుంటలు దాటుకోనా? పో పో. మీ ఆయన రొయ్యల మేత బండి బాగా తోల్తుండాడులే, గేదె పాలు తాగే కాలమొచ్చింది మీకు."

ఊరు దాటగానే రోడ్డు వదిలి జయశీల గుంటల గట్టు ఎక్కింది. మేత బండ్లు తిరిగే గట్టు, వెడల్పుగా ఉంటుంది. రెండు పక్కలా నీళ్లు. రొయ్యలకి గాలి అందడానికి పెట్టిన ఫ్యాన్లు నీళ్లలో తిరుగుతూ తెల్లటి నురగ ఎగజిమ్ముతున్నాయి. ఆ చప్పుడులో తన అడుగుల చప్పుడు తనకే వినపడదు. అది మొదట ధైర్యమిచ్చింది. తర్వాత, వెనకాల ఎవరైనా వస్తున్నా వినపడదు కదా అని తోచింది. పదడుగులకోసారి వెనక్కి తిరిగి చూసింది. కాపలా షెడ్డు ముందు లైటు వెలుగుతోంది. ఆ వెలుతుర్లోంచి ఒక కుక్క లేచి, ఒళ్లు విదిలించుకుని, తల వంచి ఆమె మీదికి వచ్చింది.

ఆమె కదల్లేదు.  కుక్క చీర అంచు వాసన చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, ఎందుకో వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక ఆమె చేతివేళ్లు క్యాను పిడి నుంచి విడిపడడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు మానేద్దామనుకుంది. ఎదురరుగు మీది కాలు కనపడింది. క్యానులో విరిగిన బిస్కెట్లు నాలుగు వేసుకుని బయల్దేరింది. కుక్క రాగానే క్యాను ఊపి, ఒక ముక్క తీసి దూరంగా విసిరింది. అది ముక్క కోసం పోయినంతసేపట్లో ఆమె గుంట అటు చివరికి నడిచింది.

అలా కొన్ని వారాలు గడిచాయి. కుక్క అలవాటైంది కానీ భయం పోలేదు. ఎటొచ్చీ భయంతో పాటు ఇంకోటి కూడా వచ్చి చేరింది. సరుగుడు తోపు వెనక నుంచి సముద్రపు గాలి వచ్చి మెడ మీది చెమటకి తగిలినప్పుడు, ఒక్క నిమిషం, ఆమె ఎవరి జాకెట్టూ కుట్టనక్కర్లేని మనిషి. మొదట ఒక గుంట చుట్టూ తిరిగేసరికి ఆయాసమొచ్చేది. ఇప్పుడు రెండోది కూడా తిరిగేది. ఖాళీ క్యాను చేతిలో తేలిగ్గా ఊగేది. ఇంటి సందులోకి రాగానే మాత్రం నిండు క్యాను మోస్తున్నట్టు భుజం ఒక పక్కకి వంచేది. ఆ నటన ఆమెకి తెలియకుండానే వచ్చేసింది.

ఒక బుధవారం సాయంత్రం ఉషారాణి వచ్చింది. పెంచలప్రసాద్ భార్య. సంచిలోంచి జాకెట్లు తీసి మిషను మీద పెట్టింది.

"ఇవి రవంత విప్పు జయా. ఉతికితే కుదించుకపోయినాయి."

"ఇప్పటి గుడ్డలంతే ఉషక్కా," అంది జయశీల. టేపు మనిషి చుట్టూ తిప్పి, అంకె చూసి, పైకి చెప్పకుండా చాక్‌పీసుతో గుడ్డ మీద గీసుకుంది. ఆ ఊళ్లో గుడ్డలే కుదించుకుపోతాయి, మనుషులు లావెక్కరు. జయశీల దగ్గరికి అంతమంది రావడానికి ఆమె కుట్టు కంటే ఆ మర్యాదే ఎక్కువ కారణం.

"నన్ను కూడా నడవమన్నాడు నెల్లూరు డాక్టరు," అంది ఉషారాణి చేతులు దించుతూ. "ఈయన ట్రెడ్‌మిల్లు కొన్నాడు."

"మంచిదే గదక్కా."

"మంచిదే. దాని మీద చీరలు ఆరేస్తుండా." నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "ఎంత నడిచినా ఎదురుగా అదే గోడ జయా. బయటికి పోతానంటే, మన ఇంటి ఆడోళ్లకి రోడ్ల మీద ఏం పని అంటాడు. నువ్వే నయం. నీకు పనుంటాది, బయటికి పోతావు."

జయశీల క్యాను ఉన్న మూల వైపు చూడకుండా జాగ్రత్తపడింది. ఉషారాణి జాకెట్లలో ఒకదాన్ని తిరగేసి చూసింది. లోపల గుడ్డ ఇంక ఒక్క వరసకే ఉంది.

మర్నాడు గురువారం తెల్లవారుతుండగా గట్టు ఎక్కిన జయశీలకి ఏదో తేడా అనిపించింది. నాలుగడుగులు వేసేదాకా అదేంటో తెలియలేదు. తన చెప్పుల చప్పుడు తనకి వినపడుతోంది. ఫ్యాన్లు తిరగడం లేదు. షెడ్డు ముందు లైటు లేదు.

నీళ్లు నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి. గట్టు పొడుగునా కొంగలు, తెల్లగా, వరసగా, మెడలు చాపి నిలబడి ఉన్నాయి. ఆమె దగ్గరికి పోయినా లేవలేదు. కుక్క వచ్చింది. అలవాటుగా క్యాను ఊపి ఒక ముక్క విసిరింది. అది ముక్క కోసం పోలేదు. నీళ్ల అంచున నిలబడి మూలిగింది. జయశీల కూడా అంచుకి దిగి, వంగి చూసింది. నీళ్ల మీద సన్నటి మీసాలు. లెక్కలేనన్ని రొయ్యలు ఒడ్డుకొచ్చి, మూతులు పైకెత్తి, నీళ్లలో దొరకని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. కొన్ని అప్పటికే పక్కకి తిరిగి తేలుతున్నాయి.

"ఎవురది?"

షెడ్డు వైపు నుంచి టార్చి వెలుతురు వచ్చి ఆమె ముఖం మీద, తర్వాత చేతిలోని క్యాను మీద పడింది. కాపలా హజరత్తయ్య గొంతు, నిద్రలోంచి లేచిన గొంతు. "ఎవురు? ఏం జేస్తుండావాడ?"

'రొయ్యలు చచ్చిపోతున్నాయన్నా' అని అరవాలి. ఆమె క్యాను పట్టుకుని వెనక్కి తిరిగి పరిగెత్తింది. పెళ్లయ్యాక ఆమె పరిగెత్తడం అదే మొదటిసారి. సందు మొదట్లో ఆగి, గోడకి చెయ్యి ఆనించి, అంత పరిగెత్తినా తనకి ఆయాసం రాలేదని తెలుసుకుంది. అప్పుడు కూడా, అంత భయంలో కూడా, భుజం ఒక పక్కకి వంచి ఇంటికి నడిచింది.

పొద్దెక్కాక వెంకటశేషమ్మ అరుగు మీంచి వార్తలు మొదలయ్యాయి. ఆమెకి లేవకుండానే ఊరంతా తెలుస్తుంది.

"మే జయా! విన్నావా? పెంచలప్రసాద్ పెద్ద గుంట పోయిందంట! రొయ్యంతా తేలిపోయింది."

"అయ్యో," అంది జయశీల. మోటారు నొక్కింది. సూది పరిగెత్తింది.

"ఎవురో మందు కలిపినారంట."

దారం తెగింది. ఆమె మళ్లీ ఎక్కించబోయింది. కొస తడిచేసి సూది బెజ్జానికి పెట్టింది, పోలేదు. కొరికి మళ్లీ పెట్టింది. 

"ఆడమనిషంట. హజరత్తయ్య కళ్లారా చూసినాడంట. క్యానులోంచి ఏందో తీసి గుంటలోకి విసరతా ఉన్నిందంట, రోజూ."

జయశీల తలెత్తలేదు. వెంకటశేషమ్మ విసనకర్ర ఆగింది. ఎదురింటి వైపు అలా చూస్తూ ఉండిపోయింది.  అది ఇంకా భయంగా ఉంది. జయశీల లేచి, తలుపు దగ్గరికేసి, క్యాను తీసి గుడ్డపీలికల మూట కింద తోసింది. తర్వాత, దాచిన క్యాను దొరికితే ఇంకా తప్పు కదా అని బయటికి తీసింది. మూత తెరిచింది. అడుగున బిస్కెట్ల పొడి, గోధుమరంగుగా, మెత్తగా. మందు కూడా ఇలాగే ఉంటుందేమో. కడిగేద్దామనుకుంది. కడిగితే, ఎందుకు కడిగావంటారు. క్యాను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

మధ్యాహ్నం జ్ఞానప్రకాశం బండి పెట్టి లోపలికొచ్చాడు. అన్నం పెట్టమనలేదు. గడప మీదే నిలబడ్డాడు. అతను తోలే మేత బండి పెంచలప్రసాద్‌దే.

"హజరత్తయ్య నీ మాదిరుండాదన్నాడు," అన్నాడు. "నేను కాదన్నా. నా భార్య కామమ్మ కాడికి పాలకి పోతాదన్నా."

"ఆ."

"కామమ్మ గేదెలు ఒట్టిపోయి నెల దాటింది జయా. ఆడుండే ఒకాయన చెప్పినాడు, అందరి ముందరా. కామమ్మే పాకెట్టు పాలు తెప్పించుకుంటా ఉండాదంట."

జయశీల క్యాను మూత బిగించింది.

"నువ్వు యాడికి పోతుండావు?"

ఊరంతా అడిగే ప్రశ్నే. అతని నోట్లో అది వేరుగా ఉంది. దాని కింద ఇంకో ప్రశ్న ఉంది. అది అడగడానికి అతనికే భయంగా ఉందని, అతను తన ముఖం వైపు కాకుండా చెప్పుల వైపు చూడడంతో ఆమెకి తెలిసింది.

"నడవడానికి," అంది.

"నడిచి యాడికి?"

"యాడికీ లేదు. నర్సు నడవమనింది. షుగరు వచ్చేటట్టుందంట. గట్టు చుట్టూ నడిచి వస్తుండా. కుక్కకి బిస్కెట్లేస్తుండా. అంతే."

 అతను గడప దాటి వచ్చి కింద కూర్చున్నాడు. "నాతో చెప్తే ఏమయ్యేది?"

"చెప్తే ఏమనేవాడివి?"

ఆలోచించాడు. "ఇంట్లోనే నడవమనేవాడిని," అన్నాడు, నిజాయితీగా. కాసేపటికి, "రేపు పొద్దున పెంచలప్రసాదన్న నిన్ను రమ్మన్నాడు గుంట కాడికి. ఊరికే నడిచినానని మాత్రం చెప్పొద్దు. ఎవురూ నమ్మరు. నేనే సగం నమ్మినా."

"మరేం చెప్పాల?"

 ఇద్దరూ కూర్చుని నమ్మదగ్గ అబద్ధం కోసం వెతికారు. పుల్లలకి అంటే పొద్దున్నే పుల్లలెందుకంటారు. ప్రార్థనకి అంటే పాస్టరుగారిని అడుగుతారు. ఏ పని చెప్పినా దానికి సాక్షి కావాలి. పని లేకుండా నడవడానికి సాక్షిగా ఉన్నది ఒక్క కుక్క.

శుక్రవారం పొద్దున గట్టు మీద పెంచలప్రసాద్ కారు ఆగి ఉంది. ఉషారాణిని నెల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ దారిలో ఆగాడు. ఆమె కారులోనే, అద్దం సగం దించుకుని కూర్చుంది. కూలీలు వల లాగి మిగిలిన రొయ్యని ప్లాస్టిక్ ట్రేల్లో పోస్తున్నారు. కుళ్లు వాసన అప్పుడే మొదలైంది. జయశీల క్యాను చేతిలోనే పట్టుకుని వచ్చింది. దాచిందనిపించుకోవడం కంటే అదే నయమనిపించింది. కూలీలు వల ఆపి చూశారు.

పెంచలప్రసాద్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నిద్రలేని కళ్లతో ఆమె చేతివైపు చూశాడు.

"దాంట్లో ఏముందమ్మా?"

"అన్నా, ఆమె..." అన్నాడు జ్ఞానప్రకాశం.

"నువ్వుండు జ్ఞానం. ఆమెని చెప్పనీ."

హజరత్తయ్య క్యాను తీసుకుని మూత తెరిచి అడుగు చూపించాడు. "చూడన్నా. పొడి. నేను చెప్పలా? నా కళ్లతో చూసినా విసరతా ఉంటే."  కరెంటు పోయినప్పుడు జనరేటరు వెయ్యాల్సింది అతనే. ఆ రాత్రి ఫ్యాన్లు ఎప్పుడు ఆగాయో అతను ఎవరికీ చెప్పలేదు.

"ఈ పొడి టెస్టుకి పంపిస్తా," అన్నాడు పెంచలప్రసాద్. "అది తేలిందాకా జ్ఞానం బండి ఎక్కనవసరం లేదు. స్టేషనులో కూడా ఒక మాట చెప్పి పెడతా. ఏమనుకోవాకమ్మా. ఒక పంట పోయింది నాకు."

స్టేషను అన్న మాటకి జయశీల చెవుల్లో గాలి హోరుమంది. భర్త ముఖం పాలిపోవడం కనపడింది. ఆమె చెయ్యి తనంత తనే ముందుకుపోయింది. హజరత్తయ్య చేతిలోని క్యానులో వేళ్లు పెట్టి, పొడి పిడికెడు తీసి, నోట్లో వేసుకుంది. నమిలింది.  అందరూ చూస్తుండగా మింగింది. పెదాలకంటుకున్నది నాలికతో తుడుచుకుంది.

 కుక్క వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, తన వంతు కోసం తోక ఊపింది.

"బిస్కెట్లన్నా," అంది. "షుగరొస్తాదని నన్ను తినొద్దన్నారు. అందుకే దీనికి పెడతా ఉండా."

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పెంచలప్రసాద్ నవ్వలేదు. "కుక్కకి బిస్కెట్లెయ్యడానికా ఇంత దూరం?"

"నడవడానికి."

"నడకా? నా గుంట గట్టు మీదా? నడిచి యాడికి?"

"యాడికీ లేదన్నా. మీరు సాయంత్రం యాడికి నడస్తారు?"

"నేనంటే..." ఆయన ఆగాడు. "నేను వాకింగుకి పోతా."

"నేనూ దానికే."

"అయితే క్యానెందుకు?"

జయశీల చెప్పబోయింది.  ఇది ఆయనకి చెప్పి అర్థం చేయించగల సంగతి కాదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తెలియక చీర కొంగు నడుముకి దోపుకుంది.

"నమ్మరు గదా," అంది. "చూడండి మరి."

నడిచింది. మొదటి అడుగులు తడబడ్డాయి. ఇంతమంది మగవాళ్ల చూపులు వెనక నుంచి తన నడుం మీద, మెడ మీద, కండ మీద పడుతున్నాయని తెలుస్తూనే ఉంది. టేపు పెట్టకుండానే కొలుస్తున్నారు. చేతులు ఊపాలి. ఇన్ని రోజులూ ఒక చెయ్యే ఊపింది, రెండోదాంట్లో క్యాను ఉండేది కదా. ఇప్పుడు రెండూ ఊపింది. గట్టు మొదటి మూల తిరిగింది. కొంగలు లేచాయి. కుక్క వెంట వచ్చింది. రెండో మూల తిరిగేసరికి మనుషులు నీళ్లకి అవతల చిన్నగా కనపడ్డారు. ఆగి వెనక్కి రావచ్చు, చూపించింది చాలు. ఆమె ఆగలేదు.

కారు తలుపు వేసిన చప్పుడు నీళ్ల మీంచి వచ్చింది.

మూడో మూల దగ్గర ఉషారాణి ఎదురొచ్చింది. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, హాస్పిటలుకని వేసుకున్న ఎత్తు మడమల చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని, ఒట్టి కాళ్లతో. అప్పుడే ఆయాసపడుతోంది. వెనక నుంచి పెంచలప్రసాద్ పిలుస్తున్నాడు. "ఉషా! యాడికి?"

ఆమె తిరిగి చూడలేదు. జయశీల పక్కకి వచ్చి, అడుగు కలిపింది.

"రవంత మెల్లిగా నడువు జయా," అంది. "నా గుడ్డలు కుదించుకపోయుండాయి."

ఇద్దరూ నాలుగో మూల తిరిగి, మగవాళ్ల ముందు నుంచే, ఆగకుండా, రెండో చుట్టులోకి పోయారు. దారిలో ఉన్న పెంచలప్రసాద్ పక్కకి జరిగాడు. జరక్కపోతే గుద్దుకునేవాళ్లే.

తర్వాత నీళ్ల టెస్టు వచ్చింది. మందు లేదు, నీళ్లలో గాలే తగ్గిపోయింది. జ్ఞానప్రకాశం మళ్లీ బండెక్కాడు. జయశీలకి సారీ ఎవరూ చెప్పలేదు. గట్టుకి మాత్రం ఇనుప గేటు వచ్చింది, 'ఇతరులు రాకూడదు' అని బోర్డు వచ్చింది. క్యాను హజరత్తయ్య దగ్గరే ఉండిపోయింది. దాన్లో ఇప్పుడు అతను కుక్కకి నీళ్లు పెడుతున్నాడని విన్నాను.

గట్టు లేదు కాబట్టి, సోమవారం పొద్దున, బాగా తెల్లారాక, జయశీల ఊరి రోడ్డు మీదికే బయల్దేరింది. రెండు చేతులూ ఖాళీ.  నిజం చెప్పాలంటే గట్టు మీద కుక్కకి కూడా ఇంత భయపడలేదు. రోడ్డు చివర, పెంచలప్రసాద్ మేడ గేటు దగ్గర, ఉషారాణి నిలబడి ఉంది. కొత్త బూట్లు వేసుకుని, బయటికి వచ్చేదా వద్దా అన్నట్టు గేటు పట్టుకుని.

"యాడికి మే?" ఎదురరుగు మీంచి.

జయశీల ఆగింది. సందులో నలుగురు పళ్లు తోముకుంటూ వింటున్నారు.

"యాడికీ లేదత్తా. ఊరికే."

వెంకటశేషమ్మ విసనకర్ర ఆపింది. "కామమ్మ గేదెలు ఒట్టిపోయినాయని నాకు తెలవదనుకున్నావా? మొదటిరోజే తెలుసు. పోతుండాది గదా, పోనీలే అని గమ్మునుండా." కాలు కొంచెం సర్దుకుంది. "యాడికీ లేకపోతే ఇంగ నిలబడతావేంది? బిన్నా పో. ఎండొస్తాది."

ఇదీ జయశీల సంగతి. ఇప్పటికీ రోజూ బయల్దేరేటప్పుడు భయమేస్తుందట. అయినా పోతుందట. ఆదివారం జాకెట్టు ఇంకా పట్టలేదు కానీ కొత్త గుడ్డ తీసుకుని కుట్టుకుంది, లోపల రెండు వరసలకి గుడ్డ వదిలి.

మీ ఊళ్లో ఆడవాళ్లు ఊరికే నడవాలంటే చేతిలో ఏం పట్టుకుపోతారు? పూలబుట్టా, సంచీ, పిల్లాడి చెయ్యా, చెవి దగ్గర ఫోనా? మీరేం పట్టుకుపోయేవారు, ఎవరికేం చెప్పేవారు? నాకు రాయండి. మీరు రాసేలోపు నేను ఈ కుర్చీలోంచి లేచి అలా బయటికి పోయొస్తాను. యాడికని మాత్రం అడగొద్దు.